న్యూయార్క్ మోతాదు, గోదావరి పేగు

భీమవరంలోనో అమలాపురంలోనో కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయిన మనిషికి డాక్టరు రాసే మొదటి మందు చాలాసార్లు మెథోట్రెక్సేట్. దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దాని చేటు తగ్గించడానికి తోడుగా ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. ఈ రెండు మందులూ 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన పరిశోధనల్లోంచి వచ్చినవే. ఆయన 1895లో పుట్టింది భీమవరంలోనే. ఆయన పుట్టిన గడ్డ మీద ఆ మందు ఇవాళ వేలమందిని నడిపిస్తోంది గానీ అందరికీ ఒకేలా పనిచేయడం లేదు. ఒకే జబ్బు, ఒకే మోతాదు, ఇంచుమించు ఒకే బరువు ఉన్న ఇద్దరిలో ఒకరికి కొన్ని నెలల్లో వాపులు దిగుతాయి, రెండోవారికి నొప్పులు అలాగే ఉండి కడుపులో తిప్పడం మాత్రం మిగులుతుంది. జన్యువులు, కాలేయం, మూత్రపిండాలు, మందు సక్రమంగా వేసుకోకపోవడం లాంటి కారణాలు మామూలుగా చెబుతారు. అవన్నీ నిజమే. అయితే యాభై ఏళ్లకు పైగా ఇంకో కారణానికి ఆధారాలు పోగవుతున్నాయి. అది మన పేగుల్లో కాపురముండే బాక్టీరియా. ఈ బాక్టీరియా తీరు ఊరిని బట్టీ, తిండిని బట్టీ, ఇంటి స్థితిగతుల్ని బట్టీ మారుతుంది. అందుకే మరో దేశపు మనుషుల మీద కుదిర్చిన మోతాదుల్ని మన దగ్గర కొలిచి చూసుకోకుండా వాడుకుంటూ పోవడం సరికాదని నా వాదన.

మందును మార్చే పని కాలేయానిదని బడి పుస్తకాల దగ్గర్నుంచీ చదువుకున్నాం. నోటితో మింగిన మందు మాత్రం కాలేయం దాకా వెళ్లేలోపే పేగుల్ని దాటాలి. ఒక మనిషి ఒంట్లో ఉండే బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో వేసిన ఒక అంచనా. అందులో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటుంది. గాలి చొరని ఆ చోట బతికే జీవులకు మన కాలేయానికి లేని రసాయన నైపుణ్యాలున్నాయి. కాలేయం ఎక్కువగా ఆక్సిజన్ చేర్చి, చక్కెర ముక్కల్ని తగిలించి మందును నీటిలో కరిగేలా చేస్తుంది. బాక్టీరియా హైడ్రోజన్ చేరుస్తుంది, బంధాలు తెంపుతుంది, కాలేయం తగిలించిన ముక్కల్ని ఊడదీస్తుంది. అయితే అన్ని మందులూ వాటి చేతికి చిక్కవు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వదిలిన గోదావరి నీటిలో ఎగువ చేలు తాగగా మిగిలిందే శివారు భూములకు చేరినట్టు, చిన్నపేగు పైభాగంలో పీల్చుకోగా మిగిలిందే పెద్దపేగుకు అందుతుంది. పూర్తిగా, త్వరగా ఇంకిపోయే మందుకు బాక్టీరియాతో పెద్దగా పని పడదు. నెమ్మదిగా, అరకొరగా ఇంకేవాటి సంగతి, పైత్యరసంతో కలిసి మళ్లీ పేగులోకి వచ్చేవాటి సంగతి వేరు.

ఈ విషయం తెలియడానికి మొదటి దారి చూపింది ఒక రంగు. జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ 1935లో ప్రకటించిన ప్రోంటోసిల్ అనే ఎర్రటి రసాయనం చీము పట్టించే సూక్ష్మజీవుల నుంచి ఎలుకల్ని కాపాడింది. గాజు గొట్టంలో అదే సూక్ష్మజీవుల మీద పోస్తే ఏమీ కాలేదు. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అదే ఏడాది గుట్టు విప్పారు. ఒంట్లోకి వెళ్లాక ఆ రంగు రెండుగా తెగి సల్ఫానిలమైడ్ వెలువడుతోంది, పని చేస్తున్నది అదే. ఆ తెంపడంలో పేగు బాక్టీరియాకు పెద్ద పాత్ర ఉందని తర్వాత తేలింది. పెద్దపేగు పుండ్లకు ఇప్పటికీ వాడే సల్ఫాసలజీన్ కూడా ఈ కోవలోదే. బాక్టీరియా బొత్తిగా లేకుండా పెంచిన ఎలుకలకు ఇస్తే ఆ మందు తెగకుండానే బయటికి వచ్చేస్తుందని 1972లో చూపించారు. 2019లో యేల్ విశ్వవిద్యాలయం వారు నోటితో వేసుకునే 271 మందుల్ని 76 రకాల పేగు బాక్టీరియా ముందు పెట్టి చూస్తే, 176 మందుల్ని ఏదో ఒక బాక్టీరియా గణనీయంగా తరిగించింది. గాజు గిన్నెలో జరిగిందంతా పేగులోనూ జరుగుతుందని కాదు గానీ, ఆ శక్తి ఎంత విస్తారంగా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

గోదావరి డెల్టాకూ ఈ కథకూ ఉన్న ముడి మెథోట్రెక్సేట్‌తో మొదలవలేదు. సుబ్బారావు మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో చనిపోయారు. ఆయనకూ ఆ జబ్బు సోకింది, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. మన వైద్యులు సంగ్రహణి అనే జబ్బుల కోవకు చెందినదే ఇదీ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడి మనిషి శుష్కించి పోతాడు. ఉండకూడని చిన్నపేగులో బాక్టీరియా పెరిగి, గోడలు దెబ్బతిని, ఫోలిక్ ఆమ్లం లాంటి పోషకాలు లోపలికి ఇంకకపోవడం ఇందులో ముఖ్యమని తర్వాతి తరం గుర్తించింది. ఇవాళ్టికీ ఉష్ణమండలపు స్ప్రూకి ఇచ్చే చికిత్స ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. మొదటిది సుబ్బారావు బృందం సంశ్లేషించింది. రెండోదాని కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్ 1948లో, ఆయన కన్నుమూసిన ఏడాదే, ఆయన పరిశోధనా నాయకత్వంలో ఉన్న లెడర్లీ నుంచే వెలువడింది. తన తోడబుట్టినవాళ్లను పొట్టన పెట్టుకున్న జబ్బుకు వాడే రెండు మందుల మూలాలూ ఆయన ప్రయోగశాలలోనే ఉండటం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది. ఆ జబ్బునే దక్షిణాది పల్లెల్లో ఏళ్ల తరబడి పరిశోధించిన రాయవెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యుల చేతి మీదుగానే, మందుల మీద మన పేగుల ప్రభావానికి అన్నిటికన్నా గట్టి ఆధారం దొరికింది.

ఆ ఆధారం డిగాక్సిన్ గురించి. ఫాక్స్‌గ్లవ్ మొక్క జాతి నుంచి తీసే ఈ మందును గుండె లయ తప్పినప్పుడు, గుండె నీరసించినప్పుడు ఇస్తారు. చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిన రోగులు మన ప్రభుత్వాసుపత్రుల్లో ఇప్పటికీ తక్కువేం కాదు, వాళ్లలో చాలామందికి ఈ మందు తెలుసు. మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. గుండె నీరసానికి రక్తంలో ఒక మిల్లీలీటరుకు 0.5 నుంచి 0.9 నానోగ్రాములు చాలు, 2 దాటితే వాంతులు, చూపు మసక, గుండె లయ ఇంకా తప్పడం మొదలవుతాయి. న్యూయార్క్‌లో జాన్ లిండెన్‌బామ్ బృందం 1981లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఈ మందు వాడే పదిమందిలో సుమారు ఒకరి పేగు బాక్టీరియా అందులో పెద్ద భాగాన్ని డైహైడ్రోడిగాక్సిన్‌గా మార్చి నిర్వీర్యం చేస్తోంది. మారేది రవ్వంతే. అణువు చివరనున్న వలయంలో ఒక జంట బంధం దగ్గర రెండు హైడ్రోజన్ పరమాణువులు చేరతాయి. దాంతో గుండె కండరంలో ఆ మందు పట్టుకోవలసిన చోట సరిగా పట్టుకోలేదు. అలాంటి మనుషులకు అయిదు రోజులు ఎరిత్రోమైసిన్‌గానీ టెట్రాసైక్లిన్‌గానీ ఇచ్చేసరికి మూత్రంలో ఆ నిర్వీర్య పదార్థం బాగా తగ్గిపోయి, రక్తంలో డిగాక్సిన్ కొందరిలో రెట్టింపు దాకా పెరిగింది. మోతాదు మారలేదు, గుండె మారలేదు. మారింది పేగు.

1989లో రాయవెల్లూరుకు చెందిన వి.ఐ. మథాన్, లిండెన్‌బామ్ బృందంతో కలిసి రెండు దేశాల వాళ్లను పోల్చారు. 186 మంది న్యూయార్క్ వాసుల్లో 67 మంది, అంటే 36 శాతం, డిగాక్సిన్‌ని ఇలా మార్చారు. 204 మంది దక్షిణ భారతీయుల్లో మార్చింది 28 మంది, 14 శాతం లోపే. పెద్ద ఎత్తున నిర్వీర్యం చేసినవాళ్లు అక్కడ 26 మంది, ఇక్కడ ఇద్దరే. దక్షిణ భారతీయుల్లో కూడా అందరూ ఒకటి కాదు. పట్నంలో కలిగిన కుటుంబాల వాళ్లలో ఈ గుణం ఎక్కువ, పల్లెవాసుల్లో బాగా తక్కువ. వాళ్లంతా ఒకే ప్రాంతం వాళ్లు కాబట్టి ఈ తేడాను జన్యువుల మీదికి నెట్టడం కష్టం. మరో సంగతి ఇంకా ఆసక్తికరం. ప్రయోగశాలలో మలం నుంచి పెంచి చూస్తే డిగాక్సిన్‌ని మార్చగల బాక్టీరియా రెండు దేశాల వాళ్లలోనూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంది. అంటే పనివాడు ఇంట్లోనే ఉన్నాడు, పని చేసే పరిస్థితి లేదు. తిండి వల్లో మరే కారణం వల్లో పేగు లోపలి వాతావరణం వేరుగా ఉండటమే దీనికి కారణమై ఉంటుందని ఆ పరిశోధకులు భావించారు.

ఆ పనివాడి పేరు ఎగర్తెల్లా లెంటా. పరిశోధకుడు పీటర్ టర్న్‌బా బృందం 2013లో దాని లోపలికి వెళ్లి చూసింది. ఆ జాతిలో అన్ని రకాలూ డిగాక్సిన్‌ని మార్చలేవు. పక్కపక్కనే ఉండే రెండు ప్రత్యేక జన్యువులు ఉన్న రకాలే మార్చగలవు, మందు తగలగానే ఆ జన్యువులు చురుగ్గా మేల్కొంటాయి. మాంసకృత్తుల్లో ఉండే ఆర్జినైన్ అందుబాటులో ఉంటే మాత్రం ఆ పని మందగిస్తుంది. ఎలుకలకు మాంసకృత్తులు దండిగా పెట్టినప్పుడు వాటి రక్తంలో డిగాక్సిన్ ఎక్కువగా నిలిచింది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఎలుకల లెక్కే మనుషులకూ వర్తిస్తే, మాంసం ఎక్కువ తినే న్యూయార్క్ వాసుల్లో డిగాక్సిన్ తక్కువగా, అన్నం ఎక్కువ తినే మన పల్లె మనిషిలో ఎక్కువగా నిర్వీర్యం కావాలి. 1989 నాటి కొలతలు దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. ఎలుక ప్రయోగం తప్పని నేననను. అది ఒక మీటను చూపించింది, మనిషి పేగులో అలాంటి మీటలు ఎన్నో ఉన్నాయి. నా వాదనకు ఈ పొసగకపోవడమే బలం. ఎక్కడో తేలిన నియమాన్ని తెచ్చి ఇక్కడ ఫలితం ఊహించలేం, ఇక్కడే కొలవాలి.

దీనికి బలమైన అభ్యంతరాలున్నాయి. యాంటీబయాటిక్ ఇస్తే డిగాక్సిన్ పెరగడానికి బాక్టీరియా చావే కారణమా అన్నది మొదటిది. ఎరిత్రోమైసిన్ కోవకే చెందిన క్లారిత్రోమైసిన్ లాంటి మందులు పేగు గోడలో, మూత్రపిండంలో డిగాక్సిన్‌ని బయటికి తోసే ఒక ప్రోటీన్‌ని అడ్డుకుంటాయని తర్వాత తెలిసింది. కాబట్టి ఆ కోవ మందుల విషయంలో పెరుగుదలనంతా బాక్టీరియా లెక్కలో రాయకూడదు, ఇది ఒప్పుకోవలసిందే. అయితే లిండెన్‌బామ్ చూసినవాళ్లలో నిర్వీర్య పదార్థం కూడా పడిపోయింది, వేరే కుటుంబానికి చెందిన టెట్రాసైక్లిన్‌తోనూ ఇదే జరిగింది. తోసే ప్రోటీన్ ఒక్కటే దీన్ని వివరించలేదు. రెండో అభ్యంతరం, ఎన్ని చెప్పినా చాలా మందుల విషయంలో పెద్ద చెయ్యి కాలేయానిదే కదా అని. నిజమే, కానీ కాలేయం పని మీద కూడా పేగు నీడ పడుతుంది. జ్వరం వస్తే అందరం వేసుకునే పారాసెటమాల్ చూడండి. కాలేయం అందులో కొంత భాగానికి సల్ఫేటు తగిలించి బయటికి పంపుతుంది. కొందరి పేగు బాక్టీరియా పారా-క్రెసాల్ అనే పదార్థాన్ని ఎక్కువగా తయారు చేస్తుంది, దాన్ని వదిలించుకోవడానికీ అదే సల్ఫేటు కావాలి. మందు వేసుకోకముందు మూత్రంలో పారా-క్రెసాల్ సల్ఫేట్ ఎక్కువగా ఉన్నవాళ్లు పారాసెటమాల్‌కి సల్ఫేటు తక్కువగా తగిలించగలిగారని లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2009లో గమనించారు. బాక్టీరియా మందును ముట్టుకోకుండానే దాని దారి మళ్లించిందన్నమాట. ఇక ఇది పట్టించుకోనంత చిన్న విషయమని ఎవరైనా అంటే, జపాన్‌లో 1993లో జరిగిన ఘోరం గుర్తు చేయాలి. సర్పికి వాడే సోరివుడిన్ మందును పేగు బాక్టీరియా మరో పదార్థంగా మార్చింది. ఆ పదార్థం ఫ్లోరోయురాసిల్ కోవ క్యాన్సర్ మందుల్ని ఒంట్లోంచి తొలగించే ఎంజైమ్‌ని స్తంభింపజేసింది. రెండూ కలిపి వాడినవాళ్లలో, మందు బజారులోకి వచ్చిన కొద్ది వారాల్లోనే, 15 మంది చనిపోయారు.

మెథోట్రెక్సేట్ దగ్గరికి మళ్లీ వద్దాం. చూడటానికి అది ఫోలిక్ ఆమ్లానికి కవల. ఒక పక్క రెండు వలయాల తల, మధ్యలో ఇంకో వలయం, చివర గ్లుటామిక్ ఆమ్లపు తోక. ఫోలిక్ ఆమ్లాన్ని లోపలికి తీసుకునే దారినే చిన్నపేగు పైభాగం దీన్ని కూడా పీల్చుకుంటుంది. ఆ దారికి ఒక హద్దుంది కనుక మోతాదు పెరిగే కొద్దీ పీల్చుకునే వాటా తగ్గుతుంది, మిగిలింది కిందికి జారుతుంది. అక్కడ కొన్ని బాక్టీరియాలు ఆ తోకను కోసేస్తాయి. తోక తెగితే అది మందు కాదు. ఈ కోత ఎంత కచ్చితమంటే, బాక్టీరియా నుంచి తీసిన అలాంటి ఎంజైమే ఒకటి గ్లూకార్పిడేజ్ పేరుతో 2012లో అమెరికాలో ఆమోదం పొందింది. క్యాన్సర్‌కి పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చినప్పుడు మూత్రపిండాలు దెబ్బతిని మందు రక్తంలో నిలిచిపోతే, ఈ ఎంజైమ్‌ని ఎక్కించి దాన్ని తెంపుతారు. ఆసుపత్రిలో ప్రాణం కాపాడే కోతే, పేగులో మందును వృథా చేసే కోత కూడా. అమెరికా పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తగా కీళ్లవాతం వచ్చినవాళ్ల మలాన్ని చికిత్సకు ముందే తీసుకుని అందులో మెథోట్రెక్సేట్ కలిపి ఉంచారు. ఎవరి నమూనాలో మందు తరగకుండా ఎంత మిగిలిందో, ఆ తర్వాత వాళ్లకు చికిత్స ఎంత పనిచేసిందో చూస్తే ఆ రెంటికీ సంబంధం కనబడింది. మందు మొదలు పెట్టకముందే ఫలితాన్ని కొంత అంచనా వేయవచ్చన్నమాట. చూసింది కొద్దిమందినే కాబట్టి రేపే దీన్ని పరీక్షగా తేవాలనలేం. అయినా భీమవరంలో పుట్టిన మనిషి అందించిన మందుకు భీమవరం పేగులు ఎలా స్పందిస్తాయో చూడటానికి ఇంతకన్నా తేలికైన ప్రయోగం ఏముంటుంది?

మందుల్ని మనం కోరి మింగుతాం. కోరకుండా లోపలికి వెళ్లే రసాయనాల మాటేమిటి? సార్వా, దాళ్వా రెండు పంటలు పండే డెల్టాలో సుడిదోమకో కాండం తొలిచే పురుగుకో మందు కొట్టని చేను అరుదు. పురుగుమందు అనగానే నరాల మీద దెబ్బ గురించే ఆలోచిస్తాం. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయానికి చెందిన గణేశన్ వేల్మురుగన్ బృందం 2017లో మరో దారి చూపించింది. మదురై చుట్టుపక్కల పల్లెల్లో మూడు వేల మందికి పైగా పరిశీలిస్తే, ఆర్గానోఫాస్ఫేట్ మందుల్ని నేరుగా వాడేవాళ్లలో చక్కెర జబ్బు మిగతావాళ్లకన్నా దాదాపు మూడు రెట్లు కనిపించింది. ఆ తర్వాత ఎలుకలకు 180 రోజులపాటు తాగే నీళ్లలో కొద్దిపాటి మోనోక్రోటోఫాస్ కలిపి ఇచ్చారు. పేగు బాక్టీరియా దాన్ని విరిచి ఎసిటేట్‌గా మార్చింది, కాలేయం ఆ ఎసిటేట్‌తో గ్లూకోజ్ తయారు చేసింది. ఆ ఎలుకల మలాన్ని మామూలు ఎలుకల పేగుల్లోకి ఎక్కిస్తే వాటికీ చక్కెర అదుపు తప్పింది. పల్లెల సర్వే ఒక సమయంలో తీసిన చిత్రమే, అది కారణాన్ని రుజువు చేయదు. వేరే అలవాట్లు కూడా తేడాకు కారణం కావచ్చన్న విమర్శలో పస ఉంది. కానీ మలం ద్వారా గుణం బదిలీ కావడం సర్వే చెప్పలేని మాట చెబుతోంది, కనీసం ఎలుకల్లోనైనా బాక్టీరియాదే ఆ దారి అని. చక్కెర జబ్బు ఇంతగా పెరిగిన గోదావరి పల్లెల్లో స్ప్రేయర్ భుజాన వేసుకునే కూలీల పేగుల్ని పరీక్షించాలని అడగడానికి ఈ ఆధారం చాలు.

ఇదంతా విన్నాక చాలామందికి తట్టేది, అయితే పెరుగు, మజ్జిగ, బజారులో దొరికే ప్రోబయాటిక్ గుళికలు వాడితే సరిపోతుందా అని. పెరుగు మంచి ఆహారం, తినండి. కానీ డిగాక్సిన్‌ని మార్చే జన్యువుల్నో మెథోట్రెక్సేట్ తోకను కోసే ఎంజైమ్‌నో పెరుగులోని బాక్టీరియా అదుపు చేస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. మంచి బాక్టీరియా, చెడ్డ బాక్టీరియా అని వ్యాపార ప్రకటనలు చేసే విభజన ఇక్కడ నిలవదు. సల్ఫాసలజీన్‌కి ప్రాణం పోసేదీ బాక్టీరియానే, డిగాక్సిన్‌ని చంపేదీ బాక్టీరియానే. ఫలానా మందుకు ఫలానా జన్యువు ఉందా, ఉంటే పనిచేస్తోందా అన్నదే అడగవలసిన ప్రశ్న. 2019లో ప్రచురితమైన ఒక పెద్ద భారతీయ పరిశీలన 14 ప్రాంతాల్లో 1,004 మంది పేగుల్లో ఏ జాతులున్నాయో లెక్క తీసింది. విలువైన పనే. కానీ ఏ జాతులున్నాయో తెలిసినంత మాత్రాన అవి ఏ మందును ఎంత మారుస్తాయో తెలియదని 1989 నాటి పోలిక ముందే చెప్పింది. పైగా ఆ పోలికకు మూడున్నర దశాబ్దాలు దాటాయి. అప్పటి పల్లె ఇప్పుడు లేదు. రాజమహేంద్రవరం చుట్టుపక్కల ఊళ్లలో మరపట్టిన తెల్లబియ్యం, ప్యాకెట్ తిళ్లు, ఫారం కోడి, మందుల షాపులో చీటీ లేకుండా దొరికే యాంటీబయాటిక్ అన్నీ వచ్చి చేరాయి. పల్లెవాసుల్లో తక్కువగా ఉన్న ఆ గుణం ఇప్పుడు ఎంత పెరిగిందో కొత్తగా కొలిస్తేనే తెలుస్తుంది.

అందుకు కావలసినవి మన దగ్గర ఉన్నాయి. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఉంది, దానికి అనుబంధంగా రోజూ గుండె రోగులూ కీళ్లవాత రోగులూ వచ్చే ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉంది. జన్యువుల్ని చదవడానికి హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధనా సంస్థ ఉంది. డిగాక్సిన్, మెథోట్రెక్సేట్ వాడే రోగుల అనుమతితో మలం, మూత్రం, రక్తం నమూనాలు తీసి, కోనసీమ పల్లె మనిషినీ రాజమహేంద్రవరం పట్నవాసినీ పోల్చి చూసే పరిశోధనకు ఈ సంస్థలు పూనుకోవాలి. ఆ ఫలితాలు వచ్చేదాకా రోగులూ, వాళ్ల ఇంటివాళ్లూ చేయగలిగింది కూడా కొంత ఉంది. డిగాక్సిన్ వాడేవాళ్లు ఏ జబ్బుకైనా యాంటీబయాటిక్ మొదలు పెట్టేముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. వాడుతుండగా వాంతులు, చూపు మసక, గుండెదడ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మెథోట్రెక్సేట్ మాత్రలు పనిచేయడం లేదనిపిస్తే మీ అంతట మీరు మోతాదు పెంచవద్దు, సూదిమందు రూపంలో తీసుకునే వీలుందేమో అడగండి. చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనకండి.